అంబేద్కర్ అడిగిన కాయితం: వారెంటు లేని నిఘాకు కొంత చరిత్ర

సంగారెడ్డి పట్టణంలో ఒక పాత జైలు ఉన్నది. నిజాం కాలంలో, 1796లో కట్టిన జైలు అది. 2016లో దాన్ని మ్యూజియంగా మార్చారు. 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీగా ఉండి చూడవచ్చని ఒక పథకం కూడా పెట్టారు. ఖైదీ బట్టలు, ఖైదీ పళ్ళెం, వేళకు తాళం, తలుపు అవతల కావలి. జైలంటే ఏమిటో తెలియనివాళ్ళకు అదొక వేడుక.

అక్కడి నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని పట్నం దిక్కు వస్తే రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు, రామచంద్రాపురం. ఫ్యాక్టరీలు, వాటి నడుమ కార్మికుల బస్తీలు. ఇక్కడ కావలి కింద బతకడానికి ఎవరూ 500 రూపాయలు కట్టనక్కర లేదు.

మేము ఈ బెల్టులో పుట్టి పెరిగినవాళ్ళం. మా నాయన ఒక రసాయన ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది మొదట మేమే. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో కనీస వేతనాల మీద ఒక కరపత్రం పంచాము. వారం తిరక్కముందే ఒకాయన మఫ్టీలో వచ్చి మా ఫోను నంబరు, స్నేహితుల పేర్లు, మేము ఏ రోజు ఇంటికొస్తామన్నదీ అడిగి రాసుకుని పోయాడు. మేము ఇంటికి చేరేసరికి అమ్మ అడిగిన మొదటి మాట: "ఆయన చేతుల కాయితం ఏమన్న ఉండెనా?" లేదని ఆమే చెప్పింది. సంతకం రాక వేలిముద్ర వేసే మనిషి ఆమె. లావణి పట్టా కాయితం చేతిలో ఉండగానే భూమి పోగొట్టుకున్న కుటుంబం నుంచి వచ్చింది. అందుకే కాయితం విలువ ఆమెకు తెలుసు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు.

షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ కోరిక

వారెంటు అంటే ఏమిటి? పోలీసు ఒక మనిషి ఇంట్లోకి, పెట్టెలోకి, ఉత్తరంలోకి, ఈనాడైతే ఫోనులోకి చొరబడాలంటే, ఆ పోలీసుకు పై అధికారి కాని ఒక మూడో మనిషి ముందు నిలబడి ఎవరిని, ఎందుకు, ఏమి వెతకడానికి అని చెప్పుకోవాలి. ఆ మూడో మనిషి జడ్జి. ఆయన ఒప్పుకుని ఇచ్చే కాయితమే వారెంటు. మన దేశంలో ఫోను వినడానికి ఆ కాయితం కావాలా? అక్కర లేదు. ఎన్నడూ కావలసి రాలేదు. "అక్రమ ట్యాపింగ్" అని పత్రికలు రాసినప్పుడల్లా సక్రమ ట్యాపింగుకు జడ్జి అనుమతి ఉంటుందని మనం అనుకుంటాము. అది నిజం కాదు. జడ్జి ప్రమేయం లేకపోవడమే ఇక్కడ చట్టం.

ఇట్లా ఎందుకయింది? 1947లో డాక్టర్ అంబేద్కర్ అఖిల భారత షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' అనే మెమొరాండం తయారుచేశారు. భూమి జాతీయం కావడం గురించి, రాజ్య సోషలిజం గురించి, వేరు నియోజకవర్గాల గురించి మనవాళ్ళు దాన్ని చదువుతారు. మౌలిక హక్కుల జాబితాలో ఉన్న ఇంకొక అంశాన్ని పెద్దగా పట్టించుకోరు. ప్రజల శరీరాలకు, ఇళ్ళకు, కాయితాలకు, వస్తువులకు అకారణ సోదాల నుంచి రక్షణ ఉండాలనీ, తగిన కారణం చూపకుండా వారెంటు పుట్టకూడదనీ ఆయన అందులో అడిగారు. అంటే ఈ దేశంలో వారెంటు హక్కును రాజ్యాంగంలో రాయమని అడిగిన తొలి గొంతుల్లో అంటరానివారి సంస్థ గొంతు ఒకటి.

రాజ్యాంగ పరిషత్తు మౌలిక హక్కుల ఉపసంఘంలో కూడా ఇలాంటి ప్రతిపాదనలు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అభ్యంతరం చెప్పారు. నేర పరిశోధనకు అడ్డమవుతుందన్నది వారి భయం. ఆ అంశం జారిపోయింది. 1948 డిసెంబరు 3న కాజీ సయ్యద్ కరీముద్దీన్ దాన్ని సవరణగా మళ్ళీ తెచ్చారు. ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదివరకే ఉన్నా, శాసనసభలు చెయ్యి పెట్టలేని చోట, అంటే రాజ్యాంగంలోనే ఉంటే మంచిదేనని అంబేద్కర్ సుముఖత చూపారు. అయినా ఆ సవరణ రాజ్యాంగంలోకి రాలేదు.

రాకపోతే పోయిందేముంది అనవచ్చు. చాలా పోయింది. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది జడ్జీల ధర్మాసనం సోదాల అధికారాన్ని సమర్థిస్తూ చెప్పిన కారణాల్లో ఇదొకటి: అమెరికా నాలుగో సవరణ వంటి హక్కును మన రాజ్యాంగకర్తలు పెట్టలేదు, కాబట్టి మేము దాన్ని తెచ్చిపెట్టలేము. ఫెడరేషన్ అడిగినా ఇవ్వని కాయితం లేదన్న సంగతే పౌరుల మీద ప్రయోగించే వాదనయింది.

రెండు బ్రిటిష్ చట్టాలు

ఆ కోరిక షెడ్యూల్డు కులాల వైపు నుంచే రావడంలో వింత లేదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేసింది. జాబితాలో పేరున్న జాతిలో పుట్టడమే అనుమానానికి చాలు. ఠాణాలో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, అడిగినప్పుడల్లా వేలిముద్రలు ఇవ్వాలి. గుంటూరు సీమలోని స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటులో ఉంచింది ఈ పద్ధతిలోనే. మనిషి చేసిన పనిని కాక, పుట్టుకను నిఘాకు కారణం చేసిన చట్టమది.

రెండోది 1885 టెలిగ్రాఫు చట్టం. అందులోని అయిదో సెక్షను తంతి సమాచారాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికిచ్చింది. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. తంతి పంపగలిగినవాడి మాటను ఆపాలంటే కనీసం ప్రభుత్వం ఒక ఆర్డరు రాయాలి. తంతి లేని, ఇల్లు లేని సంచార జాతి మనిషిని ఆపాలంటే ఠాణా రిజిస్టరు చాలు. నిఘాలోనూ వర్ణవ్యవస్థ ఉన్నది.

1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం రద్దయింది. దాని బదులు రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. పోలీసు మాన్యువళ్ళలో హిస్టరీ షీటు, సస్పెక్టు షీటు, రౌడీ షీటు మిగిలాయి. జాతి పేరు పోయింది, రిజిస్టరు పోలేదు.

ఒక తెలుగు జడ్జి అసమ్మతి

ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కేసు పోయింది గాని హిస్టరీ షీటు తెరుచుకున్నది. రాత్రిళ్ళు పోలీసులు తలుపు తట్టేవారు, వెళ్ళినచోటల్లా ఆరా తీసేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. రాత్రి తలుపు తట్టడం చెల్లదన్నారు. మిగతా నిఘా చెల్లుతుందన్నారు; ఎందుకంటే ఏకాంతపు హక్కు రాజ్యాంగంలో లేదని అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

ఒప్పుకోనివారు ఇద్దరు. ఒకరు జె.సి. షా. ఇంకొకరు రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆయన వాదన సులువుగా చెప్పాలంటే ఇది: ఎవరో వెంట నడుస్తున్నారని తెలిసిన మనిషి కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా స్వేచ్ఛగా నడవలేడు. అందుకే ఏకాంతం స్వేచ్ఛలో భాగమనీ, ఆ నిబంధన మొత్తం చెల్లదనీ రాశారు. ఆ మాట నెగ్గడానికి 55 ఏళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకాంతం మౌలిక హక్కు అన్నారు. ఎం.పి. శర్మ, ఖరక్ సింగ్ తీర్పులు దీనికి విరుద్ధంగా చెప్పినంత మేరకు కొట్టేశారు.

ఈ నడుమ కాలంలో జరిగిన నష్టం తక్కువది కాదు. 1972లో మల్కానీ కేసులో, అక్రమంగా రికార్డు చేసిన సంభాషణ అయినా సాక్ష్యంగా పనికొస్తుందని కోర్టు అన్నది. దొంగచాటుగా విన్నందుకు పోలీసుకు పోయేదేమీ లేదని దీని అర్థం. 1975లో గోవింద్ కేసులో మధ్యప్రదేశ్ పోలీసు నిఘా నిబంధనలు నిలబడ్డాయి.

1996: దగ్గరిదాకా వచ్చి ఆగిన తీర్పు

రాజకీయ నాయకుల ఫోన్లు వింటున్నారన్న సి.బి.ఐ. నివేదిక 1991లో బయటపడింది. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబరు 18న, ఖరక్ సింగ్ తీర్పుకు సరిగ్గా 34 ఏళ్ళకు, కుల్దీప్ సింగ్, సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. ఫోను మాట ఏకాంతంలో భాగమన్నారు. 1885 నుంచి 111 ఏళ్ళుగా ఫోను వినడానికి ఒక పద్ధతి అంటూ ప్రభుత్వం రాసుకోలేదని తప్పుపట్టారు. అంతా బాగున్నది. కాని ముందుగా జడ్జి అనుమతి ఉండాలని పిటిషనర్లు అడిగినప్పుడు, చట్టంలో ఆ ఏర్పాటు లేదు గనక మేము చెప్పలేమన్నారు. హోం కార్యదర్శి ఆర్డరు ఇస్తే చాలు. గడువు రెండు నెలలు, మొత్తం ఆరు నెలలు దాటకూడదు. అధికారుల కమిటీ సమీక్షించాలి.

2007లో ఇవే టెలిగ్రాఫు నిబంధనల్లో 419-ఏ గా చేరాయి. సమీక్షా కమిటీలో ఉండేదెవరు? రాష్ట్రంలోనైతే ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, మరో కార్యదర్శి. ఆర్డరు ఇచ్చేది ప్రభుత్వమే, సరిచూసేదీ ప్రభుత్వమే. ఇంకొక సందు కూడా ఉన్నది. అత్యవసరమైతే పోలీసు ఉన్నతాధికారే మొదలుపెట్టవచ్చు. మూడు పనిదినాల్లో చెప్పాలి, ఏడు పనిదినాల్లో ఖరారు కావాలి. ఆ వారం రోజులు హోం కార్యదర్శి సంతకం కూడా లేదు. అన్నిటికన్నా ముఖ్యం: మీ ఫోను విన్నామని ఆ మనిషికి ఏనాడూ చెప్పరు. తెలియనివాడు ఏ కోర్టుకు పోతాడు?

2008లో సవరించిన సమాచార సాంకేతిక చట్టంలోని 69వ సెక్షను కంప్యూటరు సమాచారానికీ ఇదే దారి వేసింది. టెలిగ్రాఫు చట్టంలో ఉన్న "ప్రజా అత్యవసర పరిస్థితి" అన్న షరతు కూడా ఇక్కడ లేదు. 2018 డిసెంబరు 20న కేంద్రం పది సంస్థలకు ఆ అధికారం పంచింది. 2023లో టెలికాం చట్టం, 2024 డిసెంబరులో దాని నిబంధనలు వచ్చాయి. పుట్టస్వామి తీర్పు తర్వాత ఏడేళ్ళకు వచ్చిన ఆ నిబంధనల్లో కూడా జడ్జి లేడు. హైకోర్టులు అక్కడక్కడా అడ్డుపడ్డాయి. 2019లో బొంబాయి, 2025 జూలైలో మద్రాసు హైకోర్టులు మామూలు లంచం కేసుల్లో ఫోను వినడం ప్రజా భద్రత కిందికి రాదని ఆ ఆర్డర్లు కొట్టేశాయి. ఆ కేసుల్లో కోర్టుకెక్కిన వారి నేపథ్యం చూస్తే వ్యాపారులు. కాంట్రాక్టు కార్మికుడికి ఆ దారి ఎంత దూరమో చెప్పనక్కర లేదు.

ఒక ముద్ర చాలు

2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట ఠాణాలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు అందరికీ తెలిసిందే. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది ఆరోపణ. పోలీసు అధికారులు అరెస్టయ్యారు. జడ్జీల ఫోన్లు కూడా విన్నారన్న వార్తల మీద 2024 జూన్‌లో హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆరోపణలు కోర్టులో రుజువు కావలసినవి; ముందుగా ఎవరినీ దోషులనడం మా పని కాదు.

మేము చూడమనేది వేరే సంగతిని. నాయకుల, వ్యాపారుల, పత్రికలవాళ్ళ నంబర్లను మావోయిస్టు సానుభూతిపరుల నంబర్లని చూపించి అనుమతులు పొందారని దర్యాప్తు వర్గాలు అంటున్నాయి. ఇదే నిజమైతే, పెద్దవాళ్ళకు జరిగిన అన్యాయం ఏమిటి? మామూలు మనుషుల కోసం తయారుచేసిన ముద్ర తమ మీద పడటం. మరి నిజంగానే ఆ ముద్ర మోస్తున్నవాళ్ళ మాటేమిటి? సంఘం పెట్టిన కార్మికుడు, భూమి అడిగిన మాదిగ, పాటపాడే కళాకారుడు, వీళ్ళ పేరు పక్కన ఆ మాట రాస్తే ఏ సమీక్షా కమిటీ ఎదురు ప్రశ్న వేసింది? ములుగు జిల్లా తాడ్వాయిలో 2022లో పెట్టి 2023 జూన్‌లో బయటపడిన ఉపా కేసులో 152 మంది పేర్లున్నాయి. ప్రొఫెసర్ హరగోపాల్ పేరున్నది. 2020లోనే చనిపోయిన జస్టిస్ సురేశ్ పేరూ ఉన్నది. ముద్ర వేసేవాడికి మనిషి బతికున్నాడా లేదా అన్నది కూడా లెక్క కాదు. గొడవయ్యాక హరగోపాల్ పేరు తీసేయమన్నారు. పేరులేని మనిషికి అంత గొడవ ఎవరు చేస్తారు?

2018 ఆగస్టు 28న భీమా కోరేగాం కేసులో భాగంగా హైదరాబాదులో దళిత అధ్యయనాల ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంటిని పోలీసులు సోదా చేశారు. కంప్యూటర్లు, హార్డ్ డిస్కులు తీసుకుపోయారు. ఇంట్లో దేవుళ్ళ పటాలకు బదులు ఫూలే, అంబేద్కర్ పటాలెందుకని అడిగారని ఆయన పత్రికలకు చెప్పారు. మనకు సంబంధించినంతవరకు నిఘా వెతికేదేమిటో ఆ ప్రశ్నలోనే ఉన్నది.

బెల్టులో నిఘాకు ఆర్డరు కూడా అక్కర లేదు

ఇప్పుడు మళ్ళీ పటాన్‌చెరుకు వద్దాం. ఫోను వినడానికి హోం కార్యదర్శి సంతకమైనా కావాలి. బస్తీలో అదీ అవసరం లేదు. తెల్లవారుజామున గల్లీ చుట్టుముట్టి ప్రతి గుడిసె తలుపూ తట్టడాన్ని కార్డన్ సెర్చ్ అంటారు. "కమ్యూనిటీ కాంటాక్ట్" అన్న ముద్దుపేరు కూడా పెట్టారు. వారెంటు లేకుండా సోదా చేయాలంటే కారణాన్ని ముందుగా కాయితం మీద రాయాలని పాత కోడ్ 165వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త సంహితలో అది 185వ సెక్షను. వందల ఇళ్ళకు ఒకే కారణం ఎట్లా ఉంటుంది? ఆ గల్లీలో ఉండటమే కారణం. 1871 నాటి తర్కమే ఇది.

2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పోలీసులు కుర్రాళ్ళను ఆపి, ఫోన్లు తీసుకుని, గంజాయి అన్న మాట కోసం వాట్సాప్‌లో వెతికిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఫోను వినడానికి ఆర్డరు కావాలి, కాని చేతిలో నుంచి లాక్కుని చదవడానికి ఏమీ అక్కర లేదన్నమాట. అదే ఏడాది మేలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని ఫోటో తీశారు. ముఖాలను గుర్తుపట్టే యంత్రాలకు ఏ చట్టం ఆధారమో చెప్పమని ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలన్న చట్టం 2013లోనే వచ్చింది. 2022 నాటి గుర్తింపు చట్టం ప్రకారం అరెస్టయినవారి వేలిముద్రలు, కంటిపాప కొలతలు 75 ఏళ్ళు దాచిపెట్టవచ్చు.

పాత రోజుల్లో ఊరి కావలి పని మాలమాదిగలదే. రాత్రంతా దొర ఇల్లు కాసినవాడే తెల్లారితే మొదటి అనుమానితుడు. ఈనాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ బట్టలు వేసుకున్నదీ, కెమెరా తీగలు లాగేదీ, ఆ కెమెరా కింద నిలబడి జేబులు చూపించేదీ మన పిల్లలే.

ఇంత చూసే రాజ్యానికి చూడవలసింది కనబడుతున్నదా? 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీ పేలిపోయింది. 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలు. డి.ఎన్.ఏ. పరీక్షలతో శవాలను గుర్తుపట్టారు. కొందరి ఆనవాళ్ళే దొరకలేదు. బస్తీలో మనిషి ఎప్పుడు లేచాడో తెలుసుకోగల వ్యవస్థ, షెడ్డు లోపల ఎవరెవరున్నారో తేల్చడానికి రోజులు తీసుకున్నది. కెమెరాలు కార్మికుడి వైపు తిరిగి ఉంటాయి, బాయిలరు వైపు కాదు.

భద్రత వాదన

"తప్పు చేయనివాడికి భయమెందుకు? దేశభద్రత వద్దా?" అని అడుగుతారు. భద్రత కావాలి. బాంబు పేలితే మొదట చచ్చేది రైలు జనరల్ బోగీలో ఉన్న మనమే. మేము అడుగుతున్నది నిఘా అసలే వద్దని కాదు, మూడో మనిషి ఉండాలని. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు వినడానికి 1963 అక్టోబరులో అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ సంతకం పెట్టాడు. జడ్జి అనుమతి లేదు. నల్లవారి ఉద్యమాల మీద ఎఫ్.బి.ఐ. సాగించిన నిఘా 1971లో బయటపడింది. 1972లో అక్కడి సుప్రీంకోర్టు, దేశంలోపలి భద్రత పేరుతోనైనా వారెంటు లేకుండా వినకూడదన్నది. 1978లో ప్రత్యేక కోర్టు ఏర్పడింది. అయినా 2001 తర్వాత ప్రభుత్వం ఆ కోర్టును తప్పించుకుని విన్నదని 2005లో తెలిసింది. కాబట్టి వారెంటు ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని మేము అనడం లేదు. వారెంటు అనేది ఒకటున్నచోట దాన్ని తప్పించుకోవడం నేరమని చెప్పగలిగారు. మన దగ్గర తప్పించుకోవడానికి కూడా ఏమీ లేదు.

మన ముందున్న పని

2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట ఒప్పుకున్నది. వెనుకబడినవారి, ఎస్సీ, ఎస్టీల, విముక్త జాతుల అమాయకుల పేర్లు కులాన్ని చూసి యాంత్రికంగా హిస్టరీ షీట్లకెక్కుతున్నాయనీ, రాష్ట్రాలు దీన్ని సరిచేసుకోవాలనీ అన్నది. అదే ఏడాది అక్టోబరు 3న జైళ్ళలో కులం పాటించే నిబంధనలను కొట్టేసింది. ఈ రెండు తీర్పులు మన చేతిలో ఉన్నాయి. మన ఠాణాల్లో ఎన్ని షీట్లున్నాయి, ఏ కులాలవి, ఎన్నేళ్ళుగా తెరిచి ఉన్నాయి అన్నది సమాచార హక్కు కింద అడగవలసింది విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలే. ఫోను వినడానికి జడ్జి ఆర్డరు, గడువు ముగిశాక ఆ మనిషికి నోటీసు, సమీక్షలో ప్రభుత్వం బయటి వ్యక్తి, అక్రమంగా సంపాదించిన సాక్ష్యం చెల్లదన్న నియమం: ఈ నాలుగూ 2023 చట్టంలో చేర్చమని అడగాలి. ఇవి కొత్త కోరికలు కావు. మొదటిదాని వేరు 1947లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఇచ్చిన కాయితంలోనే ఉన్నది.

ఆ మఫ్టీ మనిషి మళ్ళీ రాలేదు. రాసుకుపోయింది ఎక్కడున్నదో, ఎవరు చదివారో, చింపేశారో దాచుకున్నారో మాకు తెలియదు. ఇంటి యజమాని మాత్రం నెల తిరిగేలోగా గది ఖాళీ చేయమన్నాడు. దానికీ కాయితమేమీ ఇవ్వలేదు.